యూరప్‌లో నాలుగు దేశాలు తిరిగేటప్పుడు ఇంటి ఫోన్ కలవాలంటే ఏ సిమ్ మేలు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి యూరప్ వెళ్లేవాళ్లు ఇప్పుడు బాగా పెరిగారు. జర్మనీలోనో ఐర్లాండ్‌లోనో ఉన్న పిల్లల్ని చూడడానికి అమ్మానాన్నలు వెళ్తున్నారు. అంత దూరం వెళ్లాం కదా అని పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ కూడా చుట్టి వస్తున్నారు. కొత్తగా పెళ్లయినవాళ్లు ప్యాకేజీ టూర్లు బుక్ చేసుకుంటున్నారు. వీసా చేతికి రాగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఏ సిమ్ చవక?" అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. మీరు అక్కడ ఉండగా మీకు ఫోన్ చేయాల్సిన అవసరం ఎవరికి పడుతుంది? వాళ్ల చేతిలో ఏ ఫోన్ ఉంది?

ఇంట్లో అందరి దగ్గరా స్మార్ట్‌ఫోన్లు ఉండి, వాట్సాప్ కాల్ అలవాటై ఉంటే సగం పని తేలిపోయినట్టే. టెక్కలి దగ్గర పల్లెలో కీప్యాడ్ ఫోన్ వాడే అమ్మ ఉందనుకోండి, సంగతి మారిపోతుంది. ఆవిడకు తెలిసింది మీ పాత నంబరు, ఆ పచ్చ బటను. ఆ నంబరు మోగకపోతే ఆ రాత్రి ఆవిడకు నిద్ర ఉండదు. మీరు ఫ్రాన్స్‌లో ఎంత చవగ్గా ఎన్ని జీబీలు కొన్నా ఆవిడకు ఒరిగేది లేదు. అందుకే ఇక్కడ చెప్పే పోలికంతా ఆ లెక్కలోనే సాగుతుంది: ఇంటివాళ్లు మిమ్మల్ని అందుకోగలరా, దానికి ఖర్చు ఎవరి మీద పడుతుంది.

మన సిమ్ మీదే రోమింగ్ ప్యాక్

జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ విదేశీ ప్యాక్‌లు అమ్ముతున్నాయి. దీనిలో ఉన్న పెద్ద సుఖం ఏమిటంటే మీ నంబరు మారదు. ఇంటి నుంచి మీకు చేసేవాళ్లకు అది మామూలు లోకల్ కాల్. మీరు రోమ్‌లో ఉన్నా, రాజాంలో ఉన్నా వాళ్ల రీచార్జిలో తేడా రాదు. అదనపు భారమంతా మీ మీదే పడుతుంది. తల్లిదండ్రులను ఇంట్లో వదిలి వెళ్లేవాళ్లకు ఇది చాలా విలువైన సంగతి. ఇదే మీరు అక్కడ ఫ్రెంచ్ సిమ్ కొని +33తో మొదలయ్యే నంబరు ఇచ్చారనుకోండి, ఇంటి నుంచి దానికి చేయాలంటే ఐఎస్‌డీ సదుపాయం ఉండాలి, నిమిషానికి విడిగా డబ్బు కట్టాలి. మన అన్‌లిమిటెడ్ రీచార్జిల్లో ఐఎస్‌డీ కలిసి ఉండదు. ఆ కాల్ ఎందుకు వెళ్లడం లేదో పల్లెలో ఉన్న అమ్మకు చెప్పేవాళ్లు కూడా పక్కన ఉండకపోవచ్చు.

రెండో సుఖం ఓటీపీ. బ్యాంకు, కార్డు, రైలు టికెట్టు, ఆధార్ అన్నీ మన నంబరుకే ముడిపడి ఉన్నాయి. మన కంపెనీలు రోమింగ్‌లో వచ్చే ఎస్ఎంఎస్‌కు సాధారణంగా డబ్బు తీసుకోవు. అయితే రెండు షరతులు. సిమ్ మీద ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ అయి ఉండాలి. మామూలు రీచార్జి వ్యాలిడిటీ తిరిగి వచ్చేదాకా మిగిలి ఉండాలి. ఈ రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. ప్యాక్ ఉంది కదా అనుకుంటారు, అడుగున ఉన్న ప్లాన్ గడువు మధ్యలో తీరిపోతుంది. బయల్దేరే ముందే పెద్ద వ్యాలిడిటీ ఉన్న రీచార్జి వేసుకోవడం మంచిది.

ఇంకో లాభం ఉంది. యూరోపియన్ యూనియన్ సరిహద్దులతో మన ప్యాక్‌లకు పని లేదు. జాబితాలో దేశం పేరు ఉంటే చాలు. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, బ్రిటన్ మూడూ ఒకే ప్యాక్‌లో రావొచ్చు. మీరు తిరిగే ప్రతి దేశం పేరూ ఆ జాబితాలో ఉందో లేదో యాప్‌లో చూసుకోవాలి. అక్కడ ఏ నెట్‌వర్క్‌ల మీద పనిచేస్తుందో కూడా చూడాలి.

ఇక లోపాలు. డేటా తక్కువగా ఇస్తారు, ఇచ్చినదానికి రేటు ఎక్కువ. కొన్ని ప్యాక్‌ల్లో వచ్చే కాల్ నిమిషాలు కూడా కోటాలోంచే తగ్గిపోతాయి. ప్యాక్ లేకుండా కాల్ ఎత్తితే ప్రతి నిమిషానికీ డబ్బు. ఎత్తకుండా వదిలేస్తే ఖర్చు లేదు. మనవాళ్లకు బాగా తెలిసిన మిస్డ్ కాల్ ఇక్కడ అక్కరకొస్తుంది. "రెండు రింగులు ఇచ్చి పెట్టేయమ్మా, నేను చేస్తాను" అని ముందే చెప్పి ఉంచితే సగం సమస్య తీరినట్టే. దానితో పాటు కాల్ ఫార్వార్డింగ్, వాయిస్‌మెయిల్ ఉంటే తీసేయండి. రోమింగ్‌లో ఎత్తని కాల్ వేరే చోటికి మళ్లితే దానికీ చార్జి పడొచ్చు.

ప్యాక్ గడువు కొన్న రోజు నుంచి లెక్కా, అక్కడ దిగి మొదటిసారి వాడినప్పటి నుంచి లెక్కా అన్నది కూడా అడిగి తెలుసుకోండి.

అక్కడ దిగాక కొనే సిమ్

ఇక్కడ ఒక చక్కటి చట్టం ఉంది. 2017 జూన్ 15 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశపు సిమ్‌ను మిగతా దేశాల్లో అదనపు రోమింగ్ చార్జీ లేకుండా వాడుకోవచ్చు. ఈ నియమాన్ని 2032 దాకా పొడిగించారు. యూనియన్‌లోని 27 దేశాలు, వాటితో పాటు నార్వే, ఐస్‌లాండ్, లిక్టెన్‌స్టైన్ దీని కిందికి వస్తాయి. పారిస్‌లో కొన్న సిమ్ బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్, వియన్నా, రోమ్ దాకా అదే పనిచేస్తుంది.

ఇచ్ఛాపురం వాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. ఒకప్పుడు ఒడిశా టవరు తగలగానే రోమింగ్ పడేది. ఇప్పుడు బరంపురం వెళ్లినా ఇచ్ఛాపురంలో ఉన్నట్టే. యూనియన్ లోపల ఇప్పుడు అలాగే ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో అడుగుపెడితే మాత్రం పాత రోజుల ఒడిశా టవరే.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఒక్కదానితోనే చాలా యూరప్ దేశాలు తిరగనిచ్చే షెంజెన్ వీసా ఉంది కాబట్టి అన్ని దేశాలూ ఒకటే అనుకుంటారు. వీసా లెక్క వేరు, సిమ్ లెక్క వేరు. స్విట్జర్లాండ్ షెంజెన్‌లో ఉంది, యూనియన్‌లో లేదు, రోమింగ్ నియమం దానికి వర్తించదు. కొన్ని కంపెనీలు తమంతట తాముగా స్విట్జర్లాండ్‌ను కలుపుతాయి, కొన్ని కలపవు. బ్రిటన్ యూనియన్ నుంచి బయటికొచ్చింది కాబట్టి అక్కడి సిమ్‌కు యూరప్‌లో ఏం దొరుకుతుందన్నది పూర్తిగా ఆ కంపెనీ ఇష్టం. లండన్‌లో దిగి, అక్కడ సిమ్ కొని, పారిస్ వెళ్లేవాళ్లు ఈ ఒక్కటీ అడిగి తీరాలి. సెర్బియా, అల్బేనియా, టర్కీ వైపు వెళ్తే యూనియన్ సిమ్ మీద ఆశ పెట్టుకోకండి.

సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. జెనీవా, బాసెల్ చుట్టుపక్కల ఫ్రాన్స్, జర్మనీ వైపున ఉన్నా ఫోన్ స్విస్ టవరును పట్టుకోగలదు. అలాంటి చోట సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ తీసేసి నెట్‌వర్క్‌ను మీరే ఎంచుకోండి. ఓడలో, పెద్ద ఫెర్రీలో సముద్రం మీదికి వెళ్లాక ఫోన్ ఉపగ్రహం ద్వారా నడిచే ఓడ నెట్‌వర్క్‌కు తగులుకుంటుంది. ఆ రేట్లు భరించలేం. ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టేయడం ఉత్తమం.

సిమ్ కొనేటప్పుడు జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్‌లలో పాస్‌పోర్టు చూపించాలి. జర్మనీలో ఆదివారం ఊళ్లో షాపులు మూసేస్తారు. విమానాశ్రయాల్లో, పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని తెరిచి ఉంటాయి, ధర కాస్త ఎక్కువ. సూపర్ మార్కెట్‌లో దొరికే చవక సిమ్‌లకు వీడియో కాల్‌లో పాస్‌పోర్టు చూపించి యాక్టివేట్ చేసుకోమంటారు. భాష రాని పెద్దవాళ్లకు అది తలనొప్పి. కంపెనీ షాపుకు వెళ్లి, అక్కడివాళ్ల చేతే ఆన్ చేయించుకుని, ఒక కాల్ చేసి చూశాకే బయటికి రండి. "ఇది మిగతా యూరప్ దేశాల్లో పనిచేస్తుందా, డేటా అక్కడ ఎన్ని జీబీలు?" అని కూడా అడగండి. సొంత దేశంలో ఇచ్చే డేటా కంటే బయట వాడుకోగలిగింది తక్కువ ఉండొచ్చు. ఆ దేశానికే పరిమితమైన సిమ్‌లు కూడా అమ్ముతారు.

కాల్స్ లెక్క మరీ తిరకాసుగా ఉంటుంది. ఫ్రెంచ్ సిమ్‌తో మీరు జర్మనీలో ఉండి జర్మనీ నంబరుకు చేస్తే అది రోమింగ్, ప్లాన్‌లో కలిసిపోతుంది. అదే సిమ్‌తో పారిస్‌లో కూర్చుని మ్యూనిక్‌లో ఉన్న అబ్బాయికి చేస్తే అది అంతర్జాతీయ కాల్. దానికి నిమిషానికి పన్ను కాక 19 యూరో సెంట్ల దాకా తీసుకోవచ్చు. ఇక ఇండియాకు చేసే కాల్ ఏ రోమింగ్ నియమంలోనూ రాదు. అలా చేయాల్సిన అవసరం ఉంటే లైకామొబైల్, లెబారా లాంటి కంపెనీల్లో ఇండియా నిమిషాలు కలిపిన ప్లాన్లు ఉంటాయి. కీప్యాడ్ ఫోన్ ఉన్న అమ్మకు రోజూ మాట్లాడాలనుకునేవాళ్లకు ఇవి బాగా పనికొస్తాయి. వాటి టూరిస్టు ప్లాన్లలో డేటా ఎంత ఇస్తున్నారన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.

పిల్లలు చదువుకు వెళ్తుంటే మాత్రం ఉండబోయే దేశపు సిమ్మే తీసుకోవాలి. ఒక దేశపు సిమ్‌ను నెలల తరబడి ఇంకో దేశంలో వాడుతూ ఉంటే నాలుగు నెలల వాడకం చూసి అదనపు చార్జీ వేసే హక్కు కంపెనీకి ఉంది.

ఈసిమ్

చిప్పు మార్చే పని లేకుండా క్యూఆర్ కోడ్‌తో ఫోన్‌లోకి ఎక్కించుకునే సిమ్ ఇది. ఐఫోన్‌లో 2018లో వచ్చిన మోడళ్ల నుంచి ఉంది. ఆండ్రాయిడ్‌లో ఖరీదైన ఫోన్లలో ఎక్కువ, మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే మధ్యరకం ఫోన్లలో చాలావాటికి లేదు. "యూరప్" అని పేరు పెట్టి ముప్పై నలభై దేశాలకు కలిపి అమ్ముతారు. స్విట్జర్లాండ్, బ్రిటన్ కూడా అందులో ఉండేవి చాలా దొరుకుతాయి. దేశాలు దాటేటప్పుడు ఏమీ చేయనక్కర్లేదు. డేటా వరకూ చూస్తే చాలామందికి ఇదే సుఖం.

ఇందులో చాలావాటికి ఫోన్ నంబరు ఉండదు, డేటా మాత్రమే. మామూలు కాల్ రాదు, పోదు, ఓటీపీ రాదు. "అన్‌లిమిటెడ్" అని రాసి ఉన్నవాటిలో రోజుకు కొంత వాడాక వేగం తగ్గించేసేవి ఉన్నాయి. ఒకసారి ఫోన్‌లోంచి డిలీట్ చేస్తే చాలావరకు ఆ కోడ్ మళ్లీ పనిచేయదు.

కొనే చోటు విషయంలో ఒక జాగ్రత్త. విదేశీ సిమ్‌లను మన దేశంలో అమ్మాలంటే టెలికాం శాఖ అనుమతి ఉండాలి. అది లేదని 2024 జనవరిలో ఈసిమ్‌లు అమ్మే ఎయిరాలో (Airalo), హోలాఫ్లై (Holafly) యాప్‌లను మన యాప్ స్టోర్ల నుంచి తీసేయించారు. కాబట్టి ఇక్కడ కొంటే అనుమతి ఉన్న కంపెనీ దగ్గరే కొనండి. లేదా దిగాక విమానాశ్రయంలో అక్కడి టెలికాం కంపెనీ కౌంటర్లో ఈసిమ్ అడగండి.

మిగతా దారులు

టూర్ కంపెనీవాళ్లు ఇక్కడే చేతిలో పెట్టే విదేశీ సిమ్ తీసుకుంటే దేశాల జాబితా, ఇండియాకు కాల్స్, తిరిగొచ్చాక బిల్లు వస్తుందా రాదా అన్న మూడు ప్రశ్నలు కాగితం మీద తేల్చుకోండి. హోటల్ వైఫై ఒక్కదాని మీదే ఆధారపడితే పగలంతా మీరు ఎవరికీ దొరకరు. కొన్ని చోట్ల ఆ వైఫైలోకి వెళ్లడానికే ఎస్ఎంఎస్‌లో కోడ్ పంపుతారు. పెద్దవాళ్లు గుంపులో తప్పిపోయే అవకాశం ఉన్న ప్రయాణానికి ఇది చాలదని నా గట్టి అభిప్రాయం. నలుగురికీ ఒకే హాట్‌స్పాట్ పెట్టుకున్నా ఇదే బాధ. ఆ ఫోన్ ఉన్న మనిషి పక్క సందులోకి వెళ్తే మిగతా ముగ్గురి ఫోన్లూ మూగబోతాయి.

మరి ఏది తీసుకోవాలి?

నా సలహా చాలామందికి ఒకటే: రెండు సిమ్‌లు. ఇండియా సిమ్‌ను ఫోన్‌లోనే ఉంచండి, రోమింగ్ ఆన్ చేసి, దాని మీద డేటా మాత్రం ఆపేయండి. డేటాకు యూరప్ సిమ్ గానీ ఈసిమ్ గానీ వాడండి. మన ఆండ్రాయిడ్ ఫోన్లలో రెండు సిమ్ స్లాట్లు ఉంటాయి కాబట్టి ఈసిమ్ లేకపోయినా ఇది సాధ్యమే. ఇంటివాళ్లు పాత నంబరుకే రింగ్ ఇస్తారు, మీరు చూసుకుని డేటా మీద తిరిగి చేస్తారు. ఓటీపీలు వస్తాయి. ఏదైనా పెద్ద అవసరం వస్తే డబ్బు పోయినా ఆ కాల్ ఎత్తగలరు. అది మీ చేతిలో ఉండడం కోసమే ఈ ఏర్పాటు.

కొత్త సిమ్ వేయగానే నంబరు మారుస్తారా అని వాట్సాప్ అడిగితే వద్దనండి. పాత నంబరుతోనే నడుస్తుంది. వాట్సాప్ లాంటి యాప్‌లు ఖాతాకు సంబంధించిన సిమ్ ఫోన్‌లో ఉంటేనే పనిచేసేలా చేయాలని టెలికాం శాఖ 2025 నవంబరులో ఆదేశాలిచ్చింది. ఇండియా సిమ్‌ను తీసి పర్సులో దాచే అలవాటు మానుకోవడానికి ఇదొక్కటి చాలు. యూపీఐ యాప్‌ను కూడా అక్కడ తీసేసి మళ్లీ వేసుకోవద్దు. కొత్తగా నమోదు కావాలంటే ఇండియా సిమ్ నుంచి ఎస్ఎంఎస్ వెళ్లాలి.

వారం పది రోజుల ప్యాకేజీ టూర్, సెట్టింగ్స్ అంటే భయపడే పెద్దవాళ్లు, ఒక్కటే సిమ్ పట్టే ఫోన్: వీళ్లకు మన కంపెనీ రోమింగ్ ప్యాకే నయం. రేటు ఎక్కువైనా కట్టండి. చేతిలో ఫోన్ ఉండి వాడడం తెలియక కంగారుపడే కంటే అది మేలు. కీప్యాడ్ ఫోన్‌కు రోజూ మాట్లాడాల్సిన అవసరం ఉంటే ఇండియా నిమిషాలున్న యూరప్ సిమ్ వైపు మొగ్గండి. డేటా నుంచి మామూలు ఫోన్‌కు చేసే యాప్‌లలో ఒకప్పుడు అందరూ చెప్పుకున్న స్కైప్ 2025 మేలో మూతపడింది. ఇప్పుడు వైబర్ అవుట్ లాంటివి ఉన్నాయి.

ఫోన్ సంగతి కూడా ఒక మాట. యూరప్ పల్లెల్లో 4జీ చాలావరకు 800 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, దాన్ని బ్యాండ్ 20 అంటారు. మన దగ్గర అమ్మే చవక ఫోన్లలో కొన్నిటికి ఆ బ్యాండ్ ఉండదు. పారిస్ నగరంలో తేడా తెలియదు, కొండల్లోకి వెళ్తే సిగ్నల్ పోతుంది. మీ మోడల్ వివరాల్లో ఆ అంకె ఉందో లేదో చూడండి. జర్మనీలో 3జీని 2021లో ఆపేశారు. స్విట్జర్లాండ్‌లో 2జీ లేదు, కాబట్టి 2జీ కీప్యాడ్ ఫోన్ పట్టుకుని అక్కడికి వెళ్లి లాభం లేదు. స్మార్ట్‌ఫోన్‌లోనైనా వోల్టీ (4జీ మీదే మామూలు కాల్స్ నడిపే సదుపాయం) ఆన్ చేసి ఉంచండి. మీ సిమ్‌కు అక్కడ వోల్టీ రోమింగ్ ఉందో లేదో కంపెనీని అడగండి.

హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా వెళ్లేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు, మెసేజీలు వెళ్తాయి. "దిగాం, మళ్లీ ఎక్కుతున్నాం" అని రాసి పంపేయండి. ఫోన్ రాలేదని ఇంట్లో గాభరా పడకుండా ముందే చెప్పి ఉంచండి.

ఇంట్లో చెప్పి వెళ్లాల్సినవి

పారిస్, బెర్లిన్, రోమ్ మన కంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక ఉంటాయి. లండన్ ఇంకో గంట వెనక. మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో ఈ లెక్క మారుతుంది. ఉదయం ఐదింటికే లేచి "ఏట్రా, ఫోన్ ఎత్తవేటి?" అని చేసే అమ్మకు, వేసవిలో అప్పుడు మీకు అర్ధరాత్రి దాటి ఒకటిన్నర అని తెలియాలి. ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టి పడుకునేవాళ్లు ఇంటి నంబర్లకు మాత్రం మినహాయింపు పెట్టుకోండి. రెండోసారి వెంటనే చేస్తే మోగేలా పెట్టే సదుపాయం చాలా ఫోన్లలో ఉంది.

విదేశీ నంబర్ల నుంచి మోసాలు ఎక్కువై, తెలియని కాల్ ఎత్తొద్దని మన పెద్దవాళ్లకు మనమే నూరిపోశాం. మీరు ఫ్రెంచ్ సిమ్ నుంచి చేస్తే +33 చూసి వాళ్లు కట్ చేస్తారు. కొత్త సిమ్ కొన్న రోజే మీ నంబరును ఇంట్లో ఒకరి చేత ఆ ఫోన్‌లో పేరుతో సేవ్ చేయించండి. మీరు అక్కడి నుంచి ఇంటి ల్యాండ్‌లైన్‌కు చేయాలంటే ముందున్న సున్నా తీసేయాలి. శ్రీకాకుళానికి +91 8942, విజయనగరానికి +91 8922. ప్రమాదం జరిగితే యూరోపియన్ యూనియన్ అంతటా 112. మన దగ్గరా అదే నంబరు కాబట్టి పెద్దవాళ్లకు గుర్తుంచుకోవడం తేలిక.

దసరా సెలవుల్లో వెళ్లేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం వాళ్లకు ఆ రోజులు ఇంకా కళ్ల ముందే ఉన్నాయి. కరెంటు పోయి, టవర్లు ఆగిపోతే మీ దగ్గర ఎంత మంచి సిమ్ ఉన్నా ఇంటివైపు నుంచి కలవదు. అలాంటప్పుడు వాట్సాప్ ఒక్కటే నమ్ముకోకూడదు. డేటా సరిగా అందని చోట కూడా ఎస్ఎంఎస్ వెళ్లొచ్చు. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్న ఒక బంధువును మధ్యవర్తిగా పెట్టుకోండి. ఇంటివాళ్లు ఎవరిని అందుకోగలిగితే వాళ్లు ఆ ఒక్కరికి చెప్పాలి, మీరూ ఆ ఒక్కరికే చేయాలి. ప్రతి ఊరి హోటల్ పేరు, ఫోన్ నంబరు, తేదీలు ఆ బంధువుకు రాసి ఇవ్వండి. ఆ నంబర్లకు ఇక్కడి నుంచి చేయాలంటే ఐఎస్‌డీ కావాలి కాబట్టి, మీరు బయల్దేరకముందే ఆయన ఫోన్ నుంచి మీ మొదటి హోటల్‌కు ఒకసారి డయల్ చేయించి కాల్ వెళ్తోందో లేదో చూసుకోండి.